ఎర్రగళ్ల గౌనులో జర్నలిస్టు: సిల్వియా బొమ్మ అవమానమా, గౌరవమా?

డెస్క్‌రాత్రి:
అందరికీ నమస్కారం. ఒక బొమ్మ గురించి మా ఇంట్లో మొదలైన వాదన ఇంకా తెగలేదు. మీరంతా ఏమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను.

మూడేళ్ల కిందట అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మా నేనూ పారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే ఆధునిక కళల మ్యూజియం చూశాం. ఇప్పుడా భవనాన్ని మరమ్మతుల కోసం మూసేశారు. అక్కడ నన్ను ఆపేసిన బొమ్మ జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ 1926లో వేసిన జర్నలిస్టు సిల్వియా ఫాన్ హార్డెన్ చిత్రం. చెక్క మీద వేశాడు. 121 సెంటీమీటర్ల ఎత్తు, 89 వెడల్పు, అంటే మన ఇళ్లలో కిటికీ రెక్కంత.

గులాబీ రంగు గోడల మూల. గుండ్రటి పాలరాయి బల్ల, దాని మీద ఒక గ్లాసు, సిగరెట్ పెట్టె, అగ్గిపెట్టె. ఎరుపూ నలుపూ గళ్ల గౌనులో ఒకావిడ ఒంటరిగా కూర్చుంది. మగపిల్లాడిలా కత్తిరించిన జుట్టు, ఒక కంటికి ఒంటి కళ్లద్దం. వేళ్లు మామూలు వేళ్లకంటే బాగా పొడుగు, ఒక చేతిలో సిగరెట్. కాలి మేజోడు జారి దాని అంచు గౌను కింద బయటపడింది. ఆవిడ మన వైపు చూడదు. ఎవరితోనో మాట మధ్యలో ఉన్నట్టు పెదాలు కొంచెం తెరిచి ఉంటాయి.

అమ్మ చూడగానే "ఎవరే ఈవిడ? పాపం, ఎవరో కక్షగట్టి వేసినట్టున్నారు" అంది. నాకు మాత్రం కదల బుద్ధి కాలేదు. పదకొండేళ్లుగా పత్రికలో రాత్రి డెస్క్ పని నాది. ఎడిషన్ వెళ్లిపోయాక క్యాంటీన్ మూలన టీ ముందు పెట్టుకుని, ఇంటికెళ్లే ఓపిక కూడా లేక కూర్చుంటానే, ఆ కూర్చోవడం అచ్చం అదే. నన్ను అలా ఎవరూ ఎప్పుడూ బొమ్మ వేయలేదు, ఫోటో తీయలేదు. ఉన్న మంచి ఫోటో అల్లా పెళ్లిచూపులకు తీయించింది. అందులో స్టూడియో అతను నా రంగు రెండు మెట్లు పెంచాడు, దవడ చెక్కేశాడు. ఆ ఫోటో అమ్మ బీరువాలో ఇప్పటికీ ఉంది.

అడిగేది ఇదే. డిక్స్ ఆవిడని అవమానించాడా, గౌరవించాడా?

బెర్లిన్_బెజవాడ:
అక్కా, మంచి చర్చ తెరిచారు. ఈ బొమ్మ వెనక కథ ఆవిడే రాసింది, ముందు అది చెప్పాలి.

సిల్వియా 1894లో హాంబర్గ్‌లో పుట్టింది. అసలు ఇంటిపేరు ఫాన్ హాల్లే, ఫాన్ హార్డెన్ అనేది రాతల కోసం పెట్టుకున్న పేరు. పత్రికలకు రాసేది, కవితా సంపుటాలు రెండు వేసింది. 1933లో నాజీలు రాగానే ఇంగ్లండ్ వెళ్లిపోయింది, 1963లో అక్కడే చనిపోయింది.

1959లో డిక్స్ గురించి జ్ఞాపకాలు రాస్తూ ఈ సంగతి చెప్పింది. డిక్స్ ఆవిణ్ణి చూసి "మీ బొమ్మ నేను వేయాల్సిందే! మీరు ఒక యుగానికే ప్రతినిధి!" అన్నాడట. దానికి ఆవిడ "అయితే కాంతిలేని నా కళ్లూ, నా చెవులూ, పొడుగాటి ముక్కూ, సన్నటి పెదాలూ వేస్తారన్నమాట. నా పొడుగు చేతులూ, పొట్టి కాళ్లూ, పెద్ద పాదాలూ వేస్తారన్నమాట. వాటిని చూసి జనం జడుసుకోవడమే తప్ప ఎవరూ సంతోషించరు కదా?" అంది. తనని తాను ఎంత చక్కగా వర్ణించుకుందో అని అతను మెచ్చుకున్నాడు. ఆడదాని పైపై అందం కాక మనఃస్థితి ముఖ్యమనుకునే కాలానికి ఈ బొమ్మ గుర్తుగా నిలుస్తుందన్నాడు.

మరి ఇది అవమానం ఎలా అవుతుంది? తన ముక్కు సంగతి, పాదాల సంగతి ముందే చెప్పి, తెలిసే కూర్చుంది.

సీతాకోక:
తెలిసి కూర్చుంటే అవమానం అవమానం కాకుండా పోతుందా అండీ? ఒక పేరున్న చిత్రకారుడు దారిలో ఆపి "నువ్వే ఒక యుగం" అంటే ఎవరు కాదంటారు? ఆవిడకు అప్పుడు 32 ఏళ్లు. బొమ్మలో చూస్తే యాభై దాటినట్టుంది. చర్మం పాలిపోయి, కళ్ల కింద నల్లగా, చేతులు గోళ్లున్న పక్షి కాళ్లలా.

ఒక్క సిల్వియానే కాదు. ముందు సంవత్సరం, 1925లో, నర్తకి అనీటా బెర్బర్‌ని ఎర్ర గౌనులో వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు స్టుట్‌గార్ట్ మ్యూజియంలో ఉంది. అనీటాకు అప్పటికి పాతికేళ్లు దాటి ఎన్నాళ్లో కాలేదు. ముఖానికి సున్నం కొట్టినట్టు తెల్లగా పులిమి, ముసలిదాన్ని చేసి పెట్టాడు. 1928లో 29 ఏళ్లకే ఆమె చనిపోయింది. మగవాడి చూపు ఎప్పుడూ రెండే చేస్తుంది, దేవతనైనా చేస్తుంది, దయ్యాన్నైనా చేస్తుంది. డిక్స్ రెండోది చేశాడు. దాన్ని "యుగం" అని పిలిస్తే నేను ఒప్పుకోను.

సుద్దముక్క:
నేను పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. పనివాడి వైపు నుంచి ఒక మాట.

ఈ బొమ్మ ఒక్క ఊపులో విసిరికొట్టింది కాదు. డిక్స్ ఆ రోజుల్లో 16వ శతాబ్దపు జర్మన్ చిత్రకారుల పద్ధతి పట్టుకున్నాడు. క్రానాఖ్, బాల్డుంగ్ వంటివాళ్ల పద్ధతి. చెక్క పలక మీద జిగురు కలిపిన సుద్ద పూత వేస్తారు, ఆరాక గీకుతారు, మళ్లీ పూత. పలక పింగాణీ పళ్లెంలా నున్నగా తేలాలి. గీత మొత్తం వేరే కాగితం మీద పూర్తి సైజులో గీసి, దాన్ని పలక మీదికి దించుకోవాలి. తర్వాత గుడ్డు సొనతో కలిపిన రంగుతో సన్న కుంచె పట్టి వెలుగూ నీడా కట్టాలి. దాని మీద నూనె రంగు, ఎంత పల్చగా అంటే కింది గీత కనబడేంత పల్చగా, పొర తర్వాత పొర. వెలుతురు ఆ పొరలన్నీ దాటి కింద తెలుపును తాకి వెనక్కి వస్తుంది. సిల్వియా చర్మం లోపల్నుంచి వెలిగినట్టు ఉండేది అందుకే.

రెండేళ్ల కిందట సెలవుల్లో ఈ పద్ధతిలో మా నాన్న కుడి చెయ్యి ఒక్కటీ వేద్దామని కూర్చున్నాను. పంతొమ్మిది రోజులు పట్టింది. మొదటి వారం నాకు కనబడింది నరాలూ, గోళ్లూ, నాగలి పట్టిన కాయలూ. రెండో వారానికి ఆయన ఉంగరపు వేలు కొద్దిగా పక్కకి వంగి ఉందని తెలిసింది. నలభై ఏడేళ్లుగా ఆ చేతి అన్నం తిన్నవాణ్ణి, అంతవరకూ చూడలేదు. అడిగితే చిన్నప్పుడు ఎద్దు తొక్కిందని చెప్పాడు. అలా ఒక మనిషి వేళ్లను రోజుల తరబడి చూసేవాడు కక్షతో చూస్తాడంటే నాకు నమ్మకం కుదరదు.

సీతాకోక:
సుద్దముక్క గారూ, మీ నాన్నగారి చెయ్యి సంగతి చదివి కళ్లు తడిశాయి. కానీ ఓపిక వేరు, ప్రేమ వేరు. కక్ష కూడా ఓపిగ్గా ఉంటుందండీ. మా వీధిలోనే చూశాను.

కత్తెర:
చీరాలలో కుట్టుపని నాది, ఇరవై రెండేళ్లు. బొమ్మల గురించి పెద్దగా తెలీదు. ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. గౌను గురించి చెప్పనా?

నడుము కొలతే లేదు ఆ గౌనుకి. భుజం నుంచి మోకాలిదాకా ఒకే సంచి. అప్పట్లో ఆడవాళ్ల బట్టలు అలాగే వచ్చాయి. అంతకుముందు ఎముకలు పెట్టి బిగించి కట్టే లోబట్టలు పోయి, నడుము కిందికి దిగింది, అంచు మోకాలి దాకా లేచింది. ఆ మేజోడు జారడం కూడా నాకు ఆశ్చర్యం కాదు. తొడ దగ్గర సాగే పట్టీతో నిలబెట్టేవాళ్లు, పొట్టి గౌనుతో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే పట్టీ బయటపడుతుంది. అందరికీ జరిగేదే. దాచలేదు, అంతే.

ఇంకోటి. అంత పెద్ద గళ్ల గుడ్డ సన్నటి మనిషికి ఎవరూ కట్టరు, మనిషి గుడ్డలో మునిగిపోతుంది. మా దగ్గరకొచ్చే కస్టమర్లకు నేను వద్దని చెబుతాను. ఈవిడ కట్టుకుంది. అద్దం ముందు నిలబడి "ఇదే కావాలి" అని ఎంచుకున్న మనిషిలా ఉంది నాకు.

సుద్దముక్క:
కత్తెర గారూ, మీకు తెలిస్తే సంతోషిస్తారని చెబుతున్నాను. డిక్స్ తల్లి కుట్టుపని చేసేది. తండ్రి ఇనుము పోతపోసే కార్ఖానాలో కూలీ. తూర్పు జర్మనీలో గేరా ఊరి పక్కన 1891లో పుట్టాడు. ముసలివాళ్లయిన ఆ అమ్మానాన్నల్ని ఒక సోఫా మీద కూర్చోబెట్టి 1920లలో రెండుసార్లు వేశాడు. వాళ్ల చేతులు చూడండి. ముడుతలు పడి, కణుపులు లేచి, ఒళ్లో బరువుగా పడి ఉంటాయి. సొంత తల్లి చేతుల్ని కూడా ఒక్క పిసరు సన్నం చేయలేదు. సీతాకోక గారు సిల్వియా చేతులు పక్షి కాళ్లన్నారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెప్పమని నా విన్నపం.

నల్లకళ్లజోడు:
ఒంటి కళ్లద్దం గురించి. నేను కళ్లజోళ్ల షాపులో కొలతలు తీస్తాను. ఆ ఒంటి అద్దానికి కాడలుండవు, ముక్కు మీద ఆనదు. కనుబొమ కిందా చెంప పైనా ఉన్న కండ పట్టుకునే నిలవాలి. నవ్వితే పడిపోతుంది, కనుబొమ ఎగరేస్తే పడిపోతుంది. జర్మనీలో అది సైనికాధికారులు, జమీందారీ మగవాళ్లు పెట్టుకునే వస్తువు. 1920లలో బెర్లిన్ ఆడవాళ్లు కొందరు పెట్టుకోవడం మొదలుపెట్టారు. దాన్ని కంటికి పెట్టుకున్నంతసేపూ ముఖం బిగబట్టి ఉంచాల్సిందే. ఆ ముఖంలో కాఠిన్యం సగం ఆ అద్దానిదే అనిపిస్తుంది నాకు.

డెస్క్‌రాత్రి:
ఇది నాకు తట్టనే లేదు. నవ్వితే పడిపోయే వస్తువు పెట్టుకుని మగవాళ్ల మధ్య కూర్చోవడం! కొత్తలో నేను మీటింగుల్లో నవ్వేదాన్ని కాదు. నవ్వితే తేలిగ్గా తీసుకుంటారని.

బెర్లిన్_బెజవాడ:
ఆ కాలం గురించి కొంచెం చెబితే బొమ్మ ఇంకా అర్థమవుతుందేమో. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైనికులు దాదాపు 20 లక్షల మంది పోయారు. డిక్స్ స్వయంగా మెషిన్‌గన్ దళంలో ఉన్నాడు, సోమ్ యుద్ధం చూశాడు. ఆ చూసినదంతా 1924లో 50 ఎచింగ్‌లుగా, అంటే లోహపు రేకు మీద గీసి అచ్చుతీసే బొమ్మలుగా, వేశాడు. ఆడవాళ్లకు ఓటు 1918 చివర్లో వచ్చింది, 1919 జనవరిలో మొదటిసారి వేశారు. 1923లో డబ్బు విలువ ఎంత పడిపోయిందంటే నవంబర్‌లో ఒక డాలర్‌కి 4,20,000 కోట్ల జర్మన్ మార్కులు. ఆడపిల్లల కట్నానికని, ముసలితనానికని దాచుకున్న సొమ్మంతా కాగితమైపోయింది. ఇక ఆడవాళ్లు టైపిస్టులుగా, దుకాణాల్లో సరుకు అమ్మేవాళ్లుగా, జర్నలిస్టులుగా ఉద్యోగాల్లోకి వచ్చారు. జుట్టు కత్తిరించారు. వాళ్లనే "కొత్త ఆడది" అని పత్రికలు రాశాయి, కొందరు మెచ్చుకుంటూ, ఎక్కువమంది తిడుతూ.

సిల్వియా, డిక్స్ తిరిగిన చోటు బెర్లిన్‌లోని రోమానిషెస్ కాఫే. రచయితలు, చిత్రకారులు, పని కోసం వెతికేవాళ్లు గంటల తరబడి కూర్చునేవాళ్లు. 1943 బాంబుదాడుల్లో అది పోయింది. ఇప్పుడక్కడ యూరోపా సెంటర్ అనే షాపింగ్ భవనం ఉంది. ఎదురుగా కైజర్ విల్హెల్మ్ చర్చి, శిఖరం విరిగింది విరిగినట్టే ఉంచారు. నేను వారానికి రెండుసార్లు ఆ స్టాప్‌లోనే బస్సు మారతాను. ఆ పాలరాయి బల్ల ఎక్కడుండేదో అని ప్రతిసారీ చూస్తాను, ఏమీ తెలియదు, అయినా చూస్తాను.

పాతనగరం:
మన హైదరాబాద్‌కి తగిలే సంగతి ఒకటి చెబుతాను, సందర్భం అదే కాబట్టి.

సిల్వియా బొమ్మ వచ్చిన మూడేళ్లకు, 1929లో, అమృతా షేర్‌గిల్ బొమ్మలు నేర్చుకోవడానికి పారిస్ చేరింది. తల్లి హంగరీ ఆవిడ, తండ్రి పంజాబీ సిక్కు. అక్కడ 1932లో తన చెల్లెల్నీ స్నేహితురాల్నీ కూర్చోబెట్టి వేసిన "యంగ్ గర్ల్స్" బొమ్మకు మరుసటి ఏడు బంగారు పతకం వచ్చింది. తర్వాత మన దేశానికొచ్చి 1936-37లో దక్షిణాది అంతా తిరిగింది. హైదరాబాద్‌లో బొమ్మలు చూపించింది. నవాబ్ సాలార్‌జంగ్ చూసి తిప్పి పంపేశారు. మైసూరు మహారాజా కూడా ఆమెవి కాదని రవివర్మ బొమ్మలే ఎంచుకున్నారు.

సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లిన ప్రతివాళ్లూ ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ ముందు ఆగుతారు. నేనూ చిన్నప్పటి నుంచి ఆగాను. రాతిలో పల్చటి మేలిముసుగు, దాని వెనక అందమైన ముఖం. అదీ మనకు నచ్చే ఆడమనిషి. అమృత బొమ్మల్లో ఆడవాళ్లు తల వంచుకుని, దిగులుగా, మాట్లాడకుండా కూర్చుంటారు. 1935లో వేసిన ముగ్గురమ్మాయిల బొమ్మ చూడండి, ముగ్గురూ దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటారు, ఎవరి కళ్లలోనూ ఆశ లేదు. ఆ రోజు ఆ బొమ్మలు మా ఊళ్లో ఉండిపోయి ఉంటే ఎలా ఉండేదని అనుకోని ఏడాది లేదు. 1976లో ఆమె కృతులను జాతీయ కళాసంపదగా ప్రకటించారు. 2023లో ఒక బొమ్మ 61.8 కోట్లకు పోయింది. డబ్బు గురించి కాదు నా బాధ. మా ఊరి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి.

సీతాకోక:
పాతనగరం గారు చెప్పింది చదివాక నా మాట కొంచెం సరిదిద్దుకుంటాను. తిరగ్గొట్టిన బొమ్మలూ, ఆడదాన్ని వికారం చేసిన బొమ్మలూ ఒకటి కాదు. అమృత ఆడమనిషి, ఆడవాళ్ల పక్కన కూర్చుని వేసింది. డిక్స్ ఎదురుగా నిలబడి వేశాడు. ఆ తేడా నేను వదలను.

కానీ సుద్దముక్క గారు చెప్పిన అమ్మానాన్నల బొమ్మ నిన్న రాత్రి వెతికి చూశాను. తల్లి చేతులు నిజంగానే అలాగే ఉన్నాయి. చాలాసేపు చూశాను. అనీటా సంగతి మాత్రం నాకింకా మనసుకెక్కలేదు.

బెర్లిన్_బెజవాడ:
సీతాకోక గారూ, మీ తేడా నిజమే, కాదనను. ఇంకో కోణం కూడా చూడండి. ఆ "యుగానికి ప్రతినిధి" మాటలు మనకెలా తెలిశాయి? సిల్వియా రాస్తేనే తెలిశాయి. 33 ఏళ్ల తర్వాత, పరాయి దేశంలో ఉంటూ, తన కళ్లు, ముక్కు, పాదాల జాబితా తనే రాసి అచ్చేసింది. అతను వేసింది ఒక బొమ్మ, ఆ బొమ్మను ఎలా చూడాలో చెప్పింది ఆవిడ. జర్నలిస్టు పని అది కాదా?

ఇక డిక్స్‌కి ఏమయిందో కూడా చెప్పాలి. 1927 నుంచి డ్రెస్డెన్ అకాడమీలో ప్రొఫెసర్. 1933లో నాజీలు ఉద్యోగం తీసేశారు. జర్మనీ మ్యూజియంల నుంచి అతనివి సుమారు 260 కృతులు లాక్కున్నారు. 1937లో మ్యూనిక్‌లో "దిగజారిన కళ" అని పెట్టిన ప్రదర్శనలో అతని యుద్ధం బొమ్మలు వేలాడదీసి, చుట్టూ వెక్కిరింపు రాతలు రాశారు. 20 లక్షల పైచిలుకు జనం చూశారు. అందులో ఉన్న కందకం బొమ్మ, యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయినవాళ్ల బొమ్మ, రెండూ ఆ తర్వాత మాయమయ్యాయి. ఈ చెక్క పలక బతికి బయటపడింది. 1961లో ఫ్రాన్స్ వాళ్ల జాతీయ ఆధునిక కళా మ్యూజియం కొన్నది. అప్పటికి సిల్వియా బతికే ఉంది.

డెస్క్‌రాత్రి:
తనే రాసుకుంది అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నిజమే కదా! ఇన్నాళ్లూ ఆ మాటలు డిక్స్‌వి అనుకుంటూ చదివాను.

మీ మాటలన్నీ అమ్మకు చదివి వినిపించాను. కత్తెర గారు చెప్పిన మేజోడు సంగతి విని కళ్లజోడు తెమ్మంది. పెద్ద సైజులో ప్రింటు తీయించి తెచ్చాను. భోజనాల బల్ల మీద పరిచి, రెండు వైపులా ఉప్పుసీసా, పచ్చడి జాడీ పెట్టి చుట్టుకోకుండా ఆపి, అటునుంచి ఇటు చూసింది. ముఖం గురించి ఏమీ అనలేదు. చివరికి వేలు పెట్టి మేజోడు దగ్గర ఆపి అడిగింది, "ఇదిగో ఇక్కడ జారిందమ్మా అని చెప్పడానికి ఆ రోజు పక్కన ఒక్క ఆడమనిషి కూడా లేదటే?"

కత్తెర:
మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

సుద్దముక్క:
ప్రింటుకి ఎండ తగలకుండా చూడండి డెస్క్‌రాత్రి గారూ, ఎరుపు త్వరగా వెలిసిపోతుంది. ఎక్కడ పెడుతున్నారు?

డెస్క్‌రాత్రి:
ముందుగదిలో వద్దంటోంది అమ్మ, వచ్చేవాళ్లు అడుగుతారని. నా గదిలో, రాసుకునే బల్ల పైన, కిటికీకి ఎదుటి గోడ కాకుండా పక్క గోడకు. మేకు కొట్టడానికి ఆదివారం మనిషి వస్తానన్నాడు.